వంతెన దగ్గర బస్సు ఆగాలి

ఆ సోమవారం కోసం లిడియా వేసుకున్న లెక్కలో పొరపాటేమీ లేదు. ఆరూ యాభైకి ఆటో జగ్గారావుగారి ఇంటికి వెళ్ళాలి. అక్కణ్ణించి నారాయణమూర్తి దంపతుల దగ్గరికి, ఆ తరవాత సూర్యకాంతంగారి గుమ్మంలోకి. ఏడూ పదికల్లా కాలవ వంతెన మీద ఉండాలి. రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సు ఏడున్నరకి గానీ రాదు. అంటే చేతిలో ఇరవై నిమిషాలు మిగులన్నమాట. మన వైపు మనుషుల్ని నమ్మకుండా ఇరవై నిమిషాలు మిగుల్చుకున్న పిల్లని తెలివితక్కువదని ఎవరంటారు?

అమలాపురం ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాలుగేళ్ళ నుంచీ లిడియా కాలవగట్టు మీద మూడు కిలోమీటర్లు నడిచి బస్సెక్కుతోంది. ఊరి పక్కనున్న వంతెన మీంచే బస్సు పోతుంది గానీ ఆగదు. ఈ వానాకాలం రెండుసార్లు జారిపడింది, నాలుగుసార్లు డ్యూటీకి అందలేదు. ఉద్యోగం మానడమో, ఊరు వదలడమో తేల్చుకోవలసిన స్థితికి వచ్చి, ఎనిమిది నెలలు డిపో చుట్టూ తిరిగింది. చివరికి డిపోవారు కనికరించి ఒక పరీక్ష పెట్టారు. సోమవారం కంట్రోలరు బస్సులో వస్తాడు. వంతెన దగ్గర కనీసం అయిదుగురు ఎక్కాలి. బస్సు నిమిషానికి మించి ఆగకూడదు. నెగ్గితే స్టాపు ఖాయం, లేకపోతే మళ్ళీ అర్జీ పెట్టకూడదు.

ప్రయాణికుల పేరు, వయస్సు, వెళ్ళవలసిన చోటు రాసి ఇమ్మని ఒక కాగితం కూడా ఇచ్చారు. ఆదివారం సాయంత్రమే అందరినీ అడిగి నింపి ఉంచమని లిడియా దాన్ని ఆటో మణికంఠ చేతిలో పెట్టింది. పొద్దున్న ఆటో ఎక్కి చూస్తే కాగితంలో పేర్లున్నాయి, వయస్సులున్నాయి, మూడో గడి మాత్రం ఖాళీ.

"ఇదేంటండీ మణికంఠగారూ?"

"ఆయ్, వెళ్ళేనండి సిస్టరుగారూ. ఎవరింటికెళ్ళినా భోజనాల దగ్గరే కూచున్నారండి. అన్నం తినేవాళ్ళని ఆరాలడిగితే ఏం బాగుంటుందని వచ్చేసేనండి. ఇప్పుడడిగేస్తాను కదండీ!"

లిడియా టైము చూసుకుంటోంది కాబట్టి ఆ ఆఖరి మాట చెవిన పడలేదు. పడి ఉంటే అక్కడే ఆటో ఆపించేది.

జగ్గారావుగారు మూడేళ్ళుగా తెగని పొలం రిజిస్ట్రేషను మీద బయలుదేరుతున్నారు. ముహూర్తం చూసుకుని, భార్యని ఎదురు రమ్మని, కుడికాలు గడప దాటించారు. సరిగ్గా అప్పుడు మణికంఠ ఆటోలోంచి తల బయటపెట్టి, పెన్ను మూత తీసి, నోరారా పలకరించాడు.

"ఎక్కడికండీ బాబాయిగారూ?"

జగ్గారావుగారి రెండో కాలు గడప లోపలే ఉండిపోయింది. ఆయన భార్య చేతిలోని చెంబు ఠంగున కిందపడింది. ఎదురింటావిడ ముగ్గు వేస్తున్నదల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మూతి నిండా పిండి పూసుకుంది. బస్సులో కూర్చున్నాక కండక్టరు అడగడం వేరు, గడప దాటే మనిషిని అడగడం వేరు. ఆ సంగతి మణికంఠకి తెలియక కాదు. చేతిలో కాగితం ఉన్నప్పుడు మనిషికి తెలిసినవి కూడా గుర్తుండవు.

"ఏరా, నీకు నేనేం అన్యాయం చేసేనురా?" అని జగ్గారావుగారు లోపలికి వెళ్ళిపోయారు. కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ భార్యని ఎదురు రమ్మని బయటికి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ప్రార్థన చేసుకుని బయలుదేరే లిడియాకి ఈ పట్టింపు లేదు. కానీ ఆ ఊళ్ళోనే పుట్టిన పిల్ల కనుక పెన్నూ కాగితమూ లాక్కుంది.

"ఇంకెవర్నీ అడక్కండి! మీకు దణ్ణం పెడతాను."

"ఆయ్, ఇంక చచ్చినా అడగనండి."

నారాయణమూర్తిగారు భార్య రమణమ్మగారిని కంటి ఆపరేషనుకి తీసుకువెళుతున్నారు. ఇద్దరూ దేవుడి పటానికి మొక్కి గుమ్మంలోకి వచ్చేసరికి మణికంఠ వాళ్ళకి ధైర్యం చెప్పాలనుకున్నాడు.

"మీరేం భయపడకండి మాస్టారూ! మీరెక్కడికెళ్తున్నారో నేనసలు అడగనండి!"

రమణమ్మగారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. "అడిగేసేడండీ," అన్నారు నీరసంగా. మళ్ళీ కాళ్ళు కడగడం, కూర్చోవడం, మంచినీళ్ళు. ఎనిమిది నిమిషాలు పోయాయి.

సూర్యకాంతంగారి ఇంటి దగ్గర మణికంఠ తువ్వాలు నోటికి కట్టుకుని కూర్చున్నాడు. ఆరేళ్ళ దావాకి ఆవేళ తీర్పు. ఆవిడ నిక్షేపంగా వచ్చి ఆటోలో కూర్చుని, జగ్గారావుగారి పంచె అంచు కేసి చూసింది.

"అలా తడిసేరేంటన్నయ్యగారూ?"

"ఏం చెప్పమంటావమ్మా! గడప దాటుతుంటే వీడు ఎక్కడికీ అని..."

సూర్యకాంతంగారు చెవులు రెండూ మూసుకుని ఆటో దిగిపోయింది. "ఆ మాట నా చెవిన వెయ్యడానికి ఇవాళే దొరికిందాండీ మీకు?" అంటూ లోపలికి నడిచింది. ఆరు నిమిషాలు.

ఆటో వంతెన ఎక్కడమూ, బస్సు వచ్చి ఆగడమూ ఒక్కసారే జరిగాయి. లిడియాకి పోయిన ప్రాణం లేచివచ్చింది. నిమిషంలో అయిదుగురు ఎక్కడం ఎంత పని? ముందుగా జగ్గారావుగారు ఫుట్‌బోర్డు మీదికి కాలెత్తారు. కంట్రోలరు తలుపు దగ్గర నిలబడి, లిడియా చేతిలోని కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"చోటు రాయలేదేంటమ్మా? ఎక్కడికండీ అందరూ?"

ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి వచ్చింది. తరవాత నలుగురూ రేవులోకి దిగి కాళ్ళు కడుక్కుని వచ్చి, పిట్టగోడ మీద వరసగా కూర్చుని, లిడియా సీసాలో నీళ్ళు ఒకరి తరవాత ఒకరు తాగడం మొదలుపెట్టారు. కంట్రోలరు నిర్ఘాంతపోయి చూస్తున్నాడు. బస్సులో కిటికీలన్నిట్లోంచీ తలలు బయటికి వచ్చాయి.

"బయలుదేరేవాళ్ళనలా అడుగుతారాండీ? పెద్దవారు, మీకైనా తెలియొద్దా?"

"పాపం, ఏ పనిమీద వెళ్తున్నారో ఏంటో!"

డ్రైవరు హరిబాబు ఇంజను ఆపేశాడు. "తొందరేం లేదండి, నిదానంగా కూచోండి. ఆగుతాం," అన్నాడు పిట్టగోడ వైపు చూసి. జగ్గారావుగారికి ఎదురు రావడానికి భార్య లేదే అని దిగులుపడితే, బస్సులోంచి ఒక పూలబుట్టావిడ ఆయన కోసం దిగి, అటు నుంచి ఇటు నడిచి, మళ్ళీ ఎక్కింది. లిడియా వంతెన మీద నిలబడి ఏడ్చేసింది. ఎనిమిది నెలలు తిరిగిన తిరుగుడంతా కళ్ళముందే నీళ్ళ సీసాలో పడి పోయింది.

బస్సు కదిలేసరికి ఏడూ నలభై ఆరు. కంట్రోలరు అమలాపురం దాకా రాసుకుంటూనే ఉన్నాడు. నిజాయితీపరుడు, చూసింది చూసినట్టు రాశాడు. ఎక్కినవారు అయిదుగురు. ఆగిన సమయం పదమూడు నిమిషాలు. కారణం అన్నచోట, ప్రయాణికులు కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగుట.

పది రోజులకి డిపో నుంచి కవరు వచ్చింది. లిడియా గబగబా చింపి చదివింది. అందులో, వంతెన వద్ద మామూలు స్టాపు ఇవ్వడానికి వీలుపడదని ఉంది. కళ్ళు మూసుకుంది. తెరిచి కింది వాక్యం చదివింది. సదరు స్థలంలో ప్రయాణికులు కూర్చుని మంచినీళ్ళు తాగు అలవాటు ఉన్నట్టు నివేదికలో తేలినందున, దానిని విశ్రాంతి స్టేజీగా నిర్ణయించడమైనది. ఇకపై ఎక్కేవారున్నా లేకున్నా బస్సు అక్కడ పదమూడు నిమిషాలు ఆగవలెను.

ఊరంతా మిఠాయి పంచుకున్నారు. వారం తిరక్కుండా ఆసుపత్రిలో హెడ్ నర్సు లిడియాని పిలిచింది.

"నాలుగేళ్ళు గట్టు మీద నడిచి వచ్చినప్పుడు కూడా వరసగా ఇన్ని రోజులు లేటవలేదు నువ్వు. ఇప్పుడేమైందమ్మా?"

"మా ఊళ్ళో బస్సు ఆగుతోందండీ," అంది లిడియా.