‘లేవు’ అన్న మాట నందుర్బార్ దాటాక

జవాబు వెంటనే చెప్పేవాడు వ్యాపారానికి పనికిరాడు. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో చీరల టోకు కొట్టు నడుపుతున్నవాణ్ని, నా మాట నమ్మండి!

మా కొట్లో రెండు ప్రోగ్రాములున్నాయి. ఒకటి కౌంటర్ మీది కంప్యూటర్లో, రెండోది లింబాయత్ గోడౌన్లో. గిరాకీ ఒక డిజైన్ అడిగితే కౌంటర్ ప్రోగ్రాము గోడౌన్ ప్రోగ్రామును ‘ఉందా?’ అని అడుగుతుంది. అక్కడ మా గుమాస్తా మొండయ్య నిచ్చెనెక్కి, కట్టలు కదిపి, ఎన్నున్నాయో నొక్కేదాకా మా ప్రోగ్రాము బిగుసుకుపోయేది. బిల్లు కొట్టదు, బాణం గుర్తు కదలదు. దాని ముందు నేను, నా ముందు గిరాకీ. ముగ్గురం ఒక్క మాట కోసం!

దీన్ని బ్లాకింగ్ కాల్ అంటారని అమ్రోలిలో ఉండే ఇంజనీరు సుజిత్ చెప్పాడు. నేనైతే దివాలా అంటాను. ఆ కాసేపట్లో గిరాకీ రెండు చాయ్‌లు తాగుతాడు. ఎదుటి అంబదాస్ కొట్లో వేలాడే చీరలన్నీ చూస్తాడు. అప్పుడు మొండయ్య ‘లేవు’ అని నొక్కుతాడు. గిరాకీ చెప్పులేసుకుని నా కళ్లముందే అటు నడుస్తాడు. చాయ్ నాది, బేరం అంబదాస్‌ది!

సుజిత్ దాన్ని అసింక్రనస్ చేశాడు. ఇప్పుడు కౌంటర్ ప్రోగ్రాము అడిగేసి తన పని తాను చూసుకుంటుంది. తెర మీద ఆ క్షణమే పచ్చటి అక్షరాల్లో ‘మీ ఆర్డర్ అందింది’ అని వస్తుంది. అసలు జవాబు తీరిగ్గా, తరవాత, గిరాకీ ఫోనుకు వెళుతుంది.

ఆ ‘తరవాత’లోనే ఉంది లక్ష్మి!

జవాబుకు ఒక గడువు పెడదామన్నాడు సుజిత్. ఎందుకయ్యా? పెళ్లిచూపులకొచ్చి ఉప్మా తిన్నవాళ్లు ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అంటారు. గడువు చెప్పారా? నీళ్ల కనెక్షన్‌కు అర్జీ పెడితే ఒక నంబరిస్తారు. నంబరు చేతికొస్తే సగం దాహం తీరినట్టు కాదా? కామ్‌రేజ్‌లో ఫ్లాటు బుక్ చేసిన నా మిత్రుడు నాలుగేళ్లుగా ‘త్వరలో’ అన్న బోర్డుతో ఫోటోలు దిగుతున్నాడు. ఇల్లొచ్చి ఉంటే ఆ ముచ్చట ఉండేదా!

ఊర్మిళక్క సంగతి వినండి. మంచిర్యాలలో చీరల దుకాణం ఆమెది, పన్నెండేళ్ల గిరాకీ. వాళ్ల ఊరి కోలాటం బృందానికి ఒకే రంగు చీరలు నలభై కావాలని వచ్చింది. మధ్యాహ్నమే తిరుగు రైలు.

“నలభై ఉన్నయా, లెవ్వా? గదొక్కటి చెప్పు సేటు. లేకుంటే అంబదాస్ దగ్గర తీస్కుంట.”

నలభై అని కొట్టి, పచ్చటి అక్షరాలు రాగానే తెర ఆమె వైపు తిప్పాను.

“అందింది అంటే ఉన్నట్టేనా?”

“అందిందంటే అందినట్టే గదా అక్కా.”

ఇందులో ఒక్క అక్షరం అబద్ధముందా? లేదు!

రైలు నందుర్బార్ దాటాక జవాబు ఆమె ఫోనుకు చేరింది. ఉన్నవి ఇరవై ఆరు. మనిషి గొలుసు లాగి దిగుతుందా? ఆ ఇరవై ఆరూ పంపి, మిగతావి దగ్గరి రంగులో సర్దమంది. పాత పద్ధతైతే నలభైకి నలభై అంబదాస్ అమ్మేవాడు. కోలాటంలో పద్నాలుగు మంది వేరే రంగులో ఆడుతుంటే ఊరంతా ఊర్మిళక్కను చూసి నవ్విందట. మొండయ్యది అటువైపు ఊరే, అతనే చెప్పాడు. నవ్వు మంచిర్యాలలో, అమ్మకం సూరత్‌లో. దూరమెంత మంచిది!

పోయిన సోమవారం ఆమె మళ్లీ వచ్చింది. దసరా సరుకు కోసమే అయి ఉంటుంది. ఏటా ఆమె ఒక్కతే తీసుకునే సరుకు నాకు నెల రోజుల బేరం. స్పెషల్ చాయ్ తెప్పించాను. ఈసారి ఎన్ని కట్టలు కట్టించమంటావని అడిగాను.

ఆమె తాపీగా చాయ్ తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

“నువ్వడిగింది అందింది సేటు. జవాబు ఫోన్ల ఒస్తది.”

చెప్పులేసుకుని ఎదుటి కొట్లోకి నడిచింది.

ఆమె రైలు నందుర్బార్ దాటింది. భుసావల్ దాటింది. మంచిర్యాల చేరి కూడా మూడు రోజులైంది. ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వచ్చిన గిరాకీలు ఏమడుగుతున్నారో చెవికెక్కడం లేదు. బిల్లు కొడదామంటే చెయ్యి కదలదు.

కంప్యూటర్ పాడైందేమోనని సుజిత్‌ను పిలిపించాను. అతను తెరను చూశాడు. నన్ను చూశాడు.

“ప్రోగ్రాము బాగానే నడుస్తోందండీ,” అన్నాడు. “బిగుసుకుపోయింది మీరు.”