పోయిన ఆఫీసరు మాట

ఆ రోజు పొద్దున్న సర్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. జీలుగువలసలో కొండచరియల మాక్ డ్రిల్లు పెట్టాలి, భోజనాలవేళకి ముగించాలి, ఫోటోలు ఆఫీసు గ్రూపులో పడెయ్యాలి, సాయంత్రం అరకులో రైలెక్కి కొత్తవలసలో దిగి భార్య జయశ్రీ చేతి వేడి చారుతో అన్నం తినాలి. డ్రిల్లు బాగా జరిగితే మైదానానికి బదిలీ సంగతి చూస్తానని పై అధికారి మాటిచ్చాడు. సచివాలయం ఉద్యోగం పేరుతో ఏళ్ళ తరబడి కొండల్లో మంచు మింగుతున్న మనిషికి అంతకంటే ఏం కావాలి.

ఆయనకి ఒకటే కొరత. ఆయన చెప్పింది ఎవరూ వినిపించుకోరు. ఇంట్లో సరే, అది అందరికీ ఉన్నదే. ఆఫీసులో కూడా ఆయన నోరు తెరిస్తే పక్కవాళ్ళు ఫోను తెరుస్తారు. కిందటి నెల వేరే ఊళ్ళో డ్రిల్లు పెడితే, శవంగా పడుకున్నవాడు మధ్యలో లేచి బిస్కట్లు ఎప్పుడిస్తారని అడిగాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. పై అధికారి అందరి ముందూ సర్వేశ్వరరావుని కడిగేశాడు.

అందుకే జీలుగువలస జనాన్ని ముందే కూర్చోబెట్టి మరీ నూరిపోశాడు. "శవం శవమే. లేచినా శవమే, మాటాడినా శవమే. ఎవరూ పలకొద్దు, వినొద్దు, దానివంక చూడొద్దు. నేను ఈల వేసి అయిపోయిందంటేనే అయిపోయినట్టు." జనం కళ్ళార్పకుండా విన్నారు. తన మాట చెవికెక్కించుకునే మనుషులు ఇన్నాళ్ళకి దొరికారని ఆయన గుండె నిండిపోయింది. తిరుగు ప్రయాణంలో బండి మీద పాట కూడా పాడుకున్నాడు.

డ్రిల్లు రోజున ఊరు చేరేసరికి చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత మంచు. వారమంతా దంచిన వాన ఆ తెల్లారే తెరిపిచ్చింది. బడి ఎటువైపు ఉందో దాని వెనక కొండమీదినుంచి పారే గెడ్డ నీళ్ళ హోరుని బట్టి పోల్చుకోవాలి. ప్రమాదం వస్తే ఊరంతా చేరాల్సిన చోటుగా ఆ బడిని ఎంచుకున్నది సర్వేశ్వరరావే. ఊళ్ళో అదొక్కటే స్లాబు కట్టడం, పైగా ఫోటోలో బాగా పడుతుంది.

వచ్చీ రాగానే, "శవం ఎవరమ్మా?" అని అడిగాడు.

రక్షణ దళానికి నాయకురాలిగా ఆయన పెట్టిన కనక కొంగు సర్దుకుని మెల్లగా అంది. "దెబ్బలు తగిలినోళ్ళం ఎంతమందిమైనా అవుతాం బాబూ. కాళ్ళిరిగినోళ్ళు, సేతులిరిగినోళ్ళు, మీకు ఎలాటోళ్ళు కావాలంటే అలాటోళ్ళు. సచ్చిపోయినట్టు మాత్రం మావోళ్ళు పడుకోరు. దుప్పటి కప్పించుకుని ఏడిపించుకున్న మనిషిని మళ్ళీ ఇంట్లోకి తేవాలంటే సేనా పనుంటాది."

శవం బదులు పడుకోబెట్టడానికి మండలం నుంచి రావాల్సిన ప్లాస్టిక్ బొమ్మ ఘాట్ రోడ్డులో మంచుకి ఆగిపోయిన జీపులో ఉంది. సర్వేశ్వరరావుకి వేళ మించిపోతోంది. "సరే, నేనే పడుకుంటాను" అన్నాడు.

దిసారి సోంబరు తాత తలెత్తి చూశాడు. ఊరికి మంచిరోజులూ మందులూ చూసేది ఆయనే. పోయినవాళ్ళ ఆత్మని అక్కడ డుమా అంటారు, ఆ డుమాలతో మాట్లాడే అధికారం కూడా ఊళ్ళో ఆయనొక్కడికే ఉంది. ఆ పూటకి మాత్రం ఆయనది కాలు విరిగినవాడి వేషం. మోకాలిదాకా కట్టు కట్టించుకుని కూర్చున్న ఆ తాత, "ఆలోసించుకో బాబూ" అన్నాడు. ఆలోచించుకునే తీరిక సర్వేశ్వరరావుకి లేదు.

పొలంగట్టు మీద పట్టా పరిచి పడుకుని, తెల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. సైరను కూసింది. మంచులోంచి అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. నాలుగు చేతులు ఆయన్ని ఎత్తి డోలీలో వేశాయి. ఎత్తడంలో జేబులోని ఈల జారి పక్కనున్న కాలవలో బుడుంగున పడింది.

"నా ఈల, నా ఈల" అన్నాడు దుప్పటి కిందనుంచి.

డోలీ మోస్తున్న భీముడు టక్కున ఆగాడు. "పలక్కురా" అంది కనక. భీముడు మళ్ళీ నడిచాడు.

శవాలని గాయపడినవాళ్ళకి దూరంగా ఉంచాలన్నది ఆయన చెప్పిన నియమమే. దాని ప్రకారం బడి వెనక పనసచెట్టు కింద ఆయన్ని దించి, ఫోటో తీసుకుని అందరూ వెళ్ళిపోయారు. చెట్టు మీదనుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా దుప్పటి మీద పడుతున్నాయి. ఎవరైనా ఏడిస్తే ఫోటోకి నిండుగా ఉంటుందని ఆయనే పురమాయించిన ముసలి చిన్నమ్మి వచ్చి తలవైపు కూర్చుంది. ఆమె నిజంగానే ఏడుపు ఎత్తుకుంది. "బురద తగలకుండా బూట్లు తుడుసుకునే బాబూ, పిల్లలకి బిస్కట్లు తెచ్చే బాబూ, బదిలీ రాకుండానే పోనావా నాయినా" అంటూ ఆమె రాగం తీస్తుంటే సర్వేశ్వరరావుకి దుప్పటి కింద కళ్ళు చెమర్చాయి. తన బదిలీ గురించి ఇంతగా బాధపడిన మనిషి ఆఫీసులో ఒక్కరూ లేరు.

చిన్నమ్మి కూడా ముక్కు చీదుకుని వెళ్ళిపోయాక చలి ఎముకలకెక్కింది. ఆయన లేచి, దుప్పటి భుజాన వేసుకుని బడి వరండాలోకి వెళ్ళాడు. "ఇంక చాలమ్మా, అయిపోయింది" అన్నాడు.

ఒక్క తలా లేవలేదు. టీ పంచుతున్న రత్న పళ్ళెం పట్టుకుని ఆయన ముందునుంచే దాటిపోయింది. ఆయన చెయ్యి చాపాడు. పళ్ళెం ఆ చేతిని తప్పించుకుని అవతలివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. పిల్లలు ఆయన్ని చూడకుండా ఉండడానికి కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"అందరూ ఉన్నట్టేనా?" అంది కనక.

"అందరం ఉన్నాం. ఆపీసరుబాబు ఒక్కడే పోనాడు" అన్నాడు భీముడు.

"మరి అయిపోయిందని ఎవులు సెప్పాల?"

"ఆపీసరుబాబే సెప్పాల."

"ఆయన పోనాడు కదరా."

"అదే మరి."

"ఆయన సెప్పేదాకా కూకోడమే" అని కనక తేల్చేసింది. ఆయన ఆమెకి మూరెడు దూరంలో నిలబడి, "చెప్తున్నాను కదమ్మా" అని గొంతు చించుకుంటున్నాడు. ఆమె చూపు ఆయన గుండా వెళ్ళి అవతలి మంచులో ఎక్కడో ఆగింది.

మంచులో అన్నీ తెల్లగా ఉన్నాయి, ఎవరి మాట ఎవరి నోటినుంచి వస్తోందో తెలియడం లేదు. సర్వేశ్వరరావు తన చేతి నాడి పట్టుకుని చూసుకున్నాడు. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయేమో, ఏమీ తగల్లేదు. ఆ ఊళ్ళో ఫోను పలికేది బడి పైన మిట్టమీద ఉన్న నల్లరాయి దగ్గరే. బతికున్నవాళ్ళ గొంతు వినాలనిపించి అక్కడికి పరుగులాంటి నడకతో ఎక్కాడు.

రాయి దగ్గరికి చేరగానే ఫోను గలగలా మోగడం మొదలుపెట్టింది. ఆఫీసు గ్రూపులో దుప్పటి కప్పిన ఆయన ఫోటో ఉంది. దాని కింద, డ్రిల్లు కోసం ఆయనే గ్రూపులో చేర్చిన కనక ఇందాక ఈ రాయిదాకా ఎక్కొచ్చి పెట్టిన మాట: "సర్వేశ్వరరావు బాబు చనిపోయినారు. డ్రిల్లు బాగా జరుగుతున్నది." రెండో వాక్యం ఎవరూ చదివినట్టు లేదు. ఓం శాంతి, ఓం శాంతి అని వరసగా దణ్ణాలు. పై అధికారి మంచి ఉద్యోగిని కోల్పోయామని రాశాడు. పక్క సీటు రవిబాబు ఆయన ఎవరిమాటా కాదనేవాడు కాదని రాసి, ఆయన టేబుల్ ఫ్యాను తనకి ఇప్పించమని కూడా అడిగాడు.

జయశ్రీకి ఫోను కలిపాడు. "జయా, నేనే మాటాడుతున్నాను."

అవతల ఏడుపులు వినపడుతున్నాయి. ఇల్లంతా అప్పటికే జనం చేరినట్టుంది. "ఏవండీ, మీరేనా?" అంది ఆమె సన్నగా. "నేనేనే, నాకేం కాలేదు" అని ఆయన అంటుండగా మాట ముక్కలైపోయి, సాగి, ఆయనకే తన గొంతు ఏదో బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. జయశ్రీ కెవ్వుమంది. ఫోను తెగిపోయింది.

అప్పుడు ఆ నిశ్శబ్దం ఆయనకి తెలిసింది.

పొద్దుటినుంచీ చెవుల్లో నిండి ఉన్న గెడ్డ హోరు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. ఒక పిట్ట అరుపు లేదు. మంచు ఒక్క నిమిషం పక్కకి జరిగితే కిందికి చూశాడు. వారం వానకి ఒడ్లు ఒరుసుకుంటూ పారాల్సిన గెడ్డలో రాళ్ళు తేలి ఉన్నాయి. రాళ్ళ మధ్య మడుగుల్లో చేపలు తపతపలాడుతున్నాయి.

పైన ఎక్కడో కొండ జారి గెడ్డకి అడ్డం పడింది. నీళ్ళు దాని వెనక పోగవుతున్నాయి. ఆ కట్ట ఏ క్షణాన్నైనా తెగుతుంది. తెగితే మొదట కొట్టేది బడిని. ముసలివాళ్ళనీ, పసిపిల్లలనీ, ఒక్కరు మిగలకుండా ఊరుమొత్తాన్నీ తెచ్చి ఆ బడిలో కూర్చోబెట్టింది ఆయనే.

పడుతూ లేస్తూ దిగాడు. "లేవండి, గెడ్డ ఆగిపోయింది, బేగి పైకి ఎక్కండి" అని అరిచాడు. పుస్తకాల భాష, ఆఫీసు భాష పోయి ఆయన పుట్టిన బొబ్బిలి భాష బయటికొచ్చింది. "ఒలే కనకా, నీకు దణ్ణమెడతాను, పిల్లల్ని తీసుకుని ఎల్లిపోండే."

కనక పెదవులు బిగించింది. "ఎవులూ లేవకండి. పరీచ్చ పెడతన్నారు" అంది గుంపుతో. భీముడు తల వంచుకుని, "ఎంత బాగా సేత్తన్నాడో" అని మెచ్చుకున్నాడు. సర్వేశ్వరరావు ఒక గుంట చెయ్యి పట్టుకు లాగాడు. ఆ పిల్ల స్తంభానికి అతుక్కుపోయింది. సైరను అందుకుని మీట నొక్కితే, తడిసిన బ్యాటరీ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఆయన చెప్పిన మాటని ఇంత గట్టిగా పట్టుకున్న జనాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది. నేలమీద కూలబడి నిజంగానే ఏడ్చేశాడు.

కూలబడింది సోంబరు తాత కట్టుకాలి ముందు. తాత ఆయనవైపు చూడలేదు. జనంవైపు తిరిగి నింపాదిగా అన్నాడు. "ఆపీసోళ్ళ కట్టుబాటులో సచ్చినోడు మాటాడకూడదు. నిజమే. మన కట్టుబాటులో డుమా వొచ్చి ఏడిత్తే దిసారి అడగాల. అడక్కపోతే తప్పు నాది."

కనక వేళ్ళు మడిచి నియమాలు లెక్కపెట్టుకుంది. "అది నియమాల్లో నేదు తాతా. వొద్దని కూడా నేదు."

రత్న గుప్పెడు బియ్యం తెచ్చింది. తాత గింజలు ఒక్కొక్కటే నేలమీద వదులుతూ, కళ్ళు మూసుకుని, ఎవరూ లేని చోటుతో మాట్లాడినట్టు అడిగాడు. "ఎవులివి?"

సర్వేశ్వరరావుకి అర్థమైంది. అంతకుముందెప్పుడూ ఇంత వినయంగా తన పేరు చెప్పుకోలేదు. "సర్వేశ్వరరావుని. డుమాని."

"ఏటి కావాల నీకు?"

"అందరూ పైకెక్కాల. నల్లరాయి దగ్గరికి. ఇప్పుడే."

"కోడి కావాలా?"

"వొద్దు."

"సారా?"

"వొద్దు తాతా, ఏటీ వొద్దు. పైకి ఎక్కండి."

తాత కళ్ళు తెరిచాడు. మిగిలిన బియ్యం చేతిలోంచి జారిపోయాయి. "లేవండర్రా" అన్నాడు. ఆ గొంతులో ఏం విన్నారో గాని ఊరు ఊరంతా ఒక్కసారి లేచింది. మాట లేదు, తొక్కిసలాట లేదు. కాళ్ళు విరిగినవాళ్ళు కట్లు విప్పడానికి ఒప్పుకోక డోలీల్లోనే ఎక్కారు. చేతులు విరిగినవాళ్ళు ఆ చేతులతోనే డోలీలు మోశారు. కనక అందరికంటే వెనక, ఎవరూ మిగల్లేదని ప్రతి గదీ చూసుకుని మరీ వచ్చింది. అంత చక్కటి ఖాళీ చేయింపు సర్వేశ్వరరావు శిక్షణ వీడియోల్లో కూడా చూడలేదు.

చివరి డోలీ రాయి దగ్గర దించారో లేదో, కొండ గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం వచ్చింది. మంచు కింద ఏదో బరువైనది పరిగెత్తింది. చాలాసేపు పరిగెత్తింది. మంచు విచ్చుకున్నాక చూస్తే పనసచెట్టు లేదు. వంటపాక లేదు. బడి స్లాబు మీదికి ఒక ఎర్రటి దుంగ ఎక్కి కూర్చుంది, గదుల్లోంచి బురదనీళ్ళు ఇటునుంచి అటు పారుతున్నాయి.

ఎవరూ ఏడవలేదు. పిల్లల్ని మాత్రం దగ్గరికి లాక్కున్నారు. సోంబరు తాత సీసాలో నీళ్ళు సర్వేశ్వరరావు తలమీద చల్లి, పేరు పెట్టి పిలిచి, బతికున్నవాళ్ళలో కలుపుకున్నాడు. అప్పుడు రత్న గ్లాసులో టీ పోసి ఆయన చేతికిచ్చింది. చల్లారిపోయిన ఆ టీని ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు.

"గెడ్డ ఆగిపోవడం మీకెవరికీ వినపడలేదా?" అని అడిగాడు కనకని.

"వినపడకేటి బాబూ. అందరం విన్నాం. మీరే ఆపించినారనుకున్నాం. పొద్దుటినుంచి అన్నీ ఉత్తుత్తివే కదా, ఇదొక్కటి నిజమని ఎలా తెలస్తాది."

ఆయన తాతవైపు తిరిగాడు. "నువ్వైనా నా మాట నమ్మావు."

"మీ మాట కాదు బాబూ. మా డుమాలు అందరూ కోడి అడుగుతారు. మీరు వొద్దన్నారు. అప్పుడు భయమేసింది" అన్నాడు తాత కాలి కట్టు విప్పుకుంటూ.

ఆ రాత్రి రైలు ఆయన్ని దింపేసరికి జయశ్రీ ముందు తాకి చూసి, ఆ తరవాతే ఇంట్లోకి రానిచ్చింది. టేబుల్ ఫ్యాను మాత్రం రవిబాబు దగ్గరినుంచి మళ్ళీ రాలేదు. బదిలీ కూడా రాలేదు. ఇంత గొప్పగా ఊళ్ళు ఖాళీ చేయించగలిగినవాణ్ణి మైదానానికి పంపి ఏం చేసుకుంటామని పై అధికారి అందరి ముందూ భుజం తట్టాడు. ఆ పక్క ఊళ్ళన్నీ కూడా బతికున్న ఆఫీసర్లు తమకొద్దని, జీలుగువలసలో పోయిన బాబునే పంపమని కబురు పెట్టాయి.

ఇప్పుడు సర్వేశ్వరరావు డ్రిల్లుకి వెళ్ళేటప్పుడు దుప్పటి ఇంటినుంచే తీసుకెళ్తున్నాడు.