కాదనని మేస్త్రి

వరద నీళ్ళు కిటికీల దాకా వచ్చి పోయిన మరుసటి ఏడాది అది. నీళ్ళయితే తీశాయి గాని చెక్కంతా ఉబ్బిపోయి, ఆ వీధిలో ఏ ఇంటి తలుపూ ఒక పట్టాన మూతపడేది కాదు. అందువల్ల వడ్రంగి మేస్త్రికి ఏడాది పొడుగునా చేతినిండా పని. మాటలకే ఆయన దగ్గర కరువు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నాలుగు ముక్కలు మాట్లాడాడంటే, ఒంట్లో బాగాలేదేమోనని పెళ్ళాం వచ్చి నుదురు తాకి చూసేది.

ఆయన ఒక్కగానొక్క కూతురు లా చదువుతోంది. వీధివాళ్ళు అప్పుడే ప్లీడరమ్మ అని పిలుస్తున్నారు గాని, ఒప్పందాల చట్టం పేపరు ఆమెను రెండుసార్లు ఎత్తి కుదేసింది. మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్ళు మొహం మీదే చెప్పారు. చదివింది మరొకరికి చెప్పి చూడమని, చెప్పలేకపోతే రానట్టేనని లెక్చరర్ సలహా ఇచ్చాడు. చెప్పడానికి ఆమె సిద్ధమే. వినేవాళ్ళేరీ? తల్లి ఒక మాట వినేలోపు పది మాటలు చెబుతుంది. అడ్డు రాకుండా, ఆవలించకుండా కూర్చునే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. మేస్త్రి వరండాలో ఎదురింటివాళ్ళ తలుపును చిత్రిక పడతాడు. కూతురు పక్కన పెట్టె మీద కూర్చుని ఒక అధ్యాయం చెబుతుంది. భోజనాల వేళకు తలుపూ అధ్యాయమూ రెండూ అయిపోవాలి.

"ఒకాయన ఇంకొకాయన పడవ కొంటానని కబురు పెట్టాడు నాన్నా. నీ నుంచి జవాబు రాకపోతే పడవ నాదే అనుకుంటానన్నాడు. అవతలాయన ఉలకలేదు, పలకలేదు. అంటే ఒప్పుకున్నట్టే. కాదననివాడు ఒప్పుకున్నవాడి కిందే లెక్క. అర్థమైందా?"

మేస్త్రి చిత్రిక ఆపాడు. ఇదెక్కడి న్యాయం అనిపించింది ఆయనకు. అనిపించింది లోపలే ఉంచుకుని, చిత్రికలో ఇరుక్కున్న పొట్టు ఊదేసి మళ్ళీ పని అందుకున్నాడు. నాన్నకు అర్థమైంది గదా అని కూతురు సంబరంగా పేజీ తిప్పేసింది.

ఆ ముక్క వంటింట్లో ఉన్న తల్లి చెవిన పడింది. ముందుగదికి ఆకుపచ్చ రంగు వేయించాలని ఆమెకు ఎప్పట్నుంచో ఉంది. మధ్యాహ్నం భర్తకు అన్నం వడ్డిస్తూ ఆ సంగతి కదిపింది. ఆయన పెరుగు కలుపుకుంటున్నాడు. ఆమె ఐదు నిమిషాలు ఆగి చూసి, కాదనలేదు గనుక చట్టప్రకారం ఖాయమైపోయిందని చెప్పి, సాయంత్రానికల్లా రంగులవాణ్ణి పిలిపించింది.

గోడ అవతల బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ కూడా పాఠం విన్నది. మర్నాడు ఆమె వచ్చి, ఎండ మాడ్చేస్తోందన్నా, మీ వరండాలో సగం నేను వాడుకుంటానని అడిగింది. మేస్త్రి నోట్లో మేకులు ఉన్నాయి. లేకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. గంట తిరక్కుండా ఆమె బల్లా, బొగ్గుల ఇస్త్రీపెట్టే, బట్టల మూటలూ వరండాలోకి దిగిపోయాయి. ప్లీడరమ్మ కూర్చునే పెట్టె వీధిలోకి నడిచింది.

ఇస్త్రీ బట్టలు ఇంటింటికీ ఇచ్చేటప్పుడు, బట్టలతో పాటు కొత్త చట్టాన్ని కూడా ఆవిడ అందరికీ మడతపెట్టి అందించింది. అది పక్క వీధిలో ఉన్న మేస్త్రి బావమరిదికి చేరింది. అతను బ్యాండు మేళంలో బాకా ఊదుతాడు. ఇంటి యజమాని ఆ బాకా భరించలేక గది ఖాళీ చేయించాడు. మంచం నెత్తిన పెట్టుకుని వచ్చి, నాలుగు రోజులు ఉంటాను బావా అన్నాడు. బావ రంపానికి పదును పెడుతున్నాడు. బావమరిది మంచం దించాడు.

ఇక ప్లీడరమ్మ చదువు చూడాలి. ముందుగదిలో కూర్చుంటే రంగు వాసనకు తల దిమ్మెక్కుతోంది. వరండాలో బొగ్గుల పొగ. వెనకగదిలో మేనమామ. అతను ఒకే పాటను రోజంతా ఊదేవాడు, అదీ పూర్తిగా రాదు. ఆమె ఆఖరికి పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూలబడి, చెవుల్లో దూది పెట్టుకుని, చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ఇదంతా తన పాఠం చేసిన నిర్వాకమేనని ఆమెకింకా తట్టలేదు.

ఇంతలో రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు. పేపర్లూ పుస్తకాలూ చదువుకునే వీధి గది వరదలో పాడైతే, దాన్ని వీధివాళ్ళంతా కలిసి బాగుచేసుకున్నారు. దాన్ని తెరిచే సభకు ఆయన కార్యదర్శి. తలుపులూ అరలూ చేసింది మేస్త్రి గనుక సభలో తొలి ఉపన్యాసం ఆయనదేనని, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమని అడిగాడు. అడిగి, గడియారం చూసుకుంటూ మర్యాదగా నిలబడ్డాడు. మేస్త్రికి గుండె జారిపోయింది. గుండె జారినప్పుడు నోరున్నవాళ్ళకే మాట పెగలదు, ఇక ఆయన సంగతి చెప్పేదేముంది. పోస్టుమాస్టరు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. మర్నాటికి వీధి మొగలో సభ వివరాలు రాసిన అట్ట కట్టారు. అందులో మేస్త్రి ఉపన్యాసం సంగతి అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉంది. సభ జరిగేది కూతురి పరీక్షకు ముందురోజు సాయంత్రం.

మేస్త్రికి ఆ పూట అన్నం సయించలేదు. పెరట్లోకి వెళ్ళి కూతురి ఎదురుగా నిలబడ్డాడు. అట్ట కట్టిన వైపు వేలు చూపించి, చెయ్యి తన నోటి మీద పెట్టుకున్నాడు.

"నువ్వు కాదనలేదుగా నాన్నా. మరి ఒప్పుకున్నట్టే" అంది ఆమె చెవుల్లో దూది తీస్తూ. అంతలో తండ్రి మొహం చూసింది. వరద రోజున కూడా ఆ మొహం అంత తెల్లబోలేదు. "ఉండు, తప్పించుకునే దారేమైనా ఉందేమో చూస్తాను."

పడవ కేసు మొదటి నుంచి చదివింది. తను ఎప్పుడూ ఆపేసే చోటు దాటి, పేజీ తిప్పి చివరిదాకా చదివింది. చదివి తల పట్టుకుంది. పలకకపోతే ఒప్పుకున్నట్టేనని వాదించిన మాట నిజమే. అలా వాదించినవాడు ఓడిపోయాడు. ఓడిపోయినవాడి వాదననే ఇన్నాళ్ళూ తీర్పు అనుకుని, రెండు పరీక్షల్లోనూ అదే రాసి వచ్చింది. ఆ భయం మీద మిగతా కేసులన్నీ తిరగేసింది. వాటిలో కూడా ఆమె చాలాచోట్ల ఓడినవాళ్ళనే వెనకేసుకొచ్చింది. బాకా మోగుతూనే ఉంది గాని ఆ తరువాతి రోజుల్లో ఆమెకు దూది అవసరం పడలేదు. ప్రతి కేసులో చివరికి ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో తెలుసుకోకుండా పుస్తకం మూయలేదు.

అయితే వీధికెక్కిన చట్టాన్ని వెనక్కి పిలవడం అంత తేలిక కాలేదు. ముందు ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, పలకకపోవడం ఒప్పుకోవడం కాదని చెప్పింది.

"మొన్న నువ్వేగా ఒప్పుకున్నట్టే అన్నావు ప్లీడరమ్మా?"

"తప్పు చెప్పానక్కా."

"మొన్న తప్పు చెప్పినదానివి, ఇవాళ ఒప్పు చెబుతున్నావని నమ్మకమేంటి? మీ నాన్ననే చెప్పమను, ఇప్పుడే బల్ల తీసేస్తాను."

మేనమామ కూడా అదే మాటన్నాడు. పోస్టుమాస్టరైతే, ఆయనకు ఇష్టం లేకపోతే సభకు వచ్చి ఆ మాటే చెప్పమన్నాడు. అది తిరిగి మొదటికే వచ్చింది. ఆకుపచ్చ గోడ సంగతి మాత్రం ఆమె తల్లి దగ్గర ఎత్తనేలేదు. గెలిచే కేసులే పట్టుకోవాలని అప్పటికే నేర్చుకుంది.

సభ రోజు వచ్చింది. మేస్త్రిని ఉతికిన చొక్కా తొడిగి వేదిక మీద కూర్చోబెట్టారు. పోస్టుమాస్టరు ఆయన పేరు పిలవబోతుండగా, జనం మధ్య నుంచి ప్లీడరమ్మ లేచి నిలబడింది. ఉపన్యాసానికి మా నాన్న ఒప్పుకోలేదని, అడిగినవాళ్ళు తమంతట తాము గడువు పెట్టి, పలకలేదు గనుక ఒప్పుకున్నావంటే చెల్లదని, ఆ మాట మీద పడవ కోసం కోర్టుకెక్కినవాడు ఉత్త చేతులతో ఇంటికి పోయాడని చెప్పింది. మొన్నటి పాఠం తప్పేనని అందరి ముందూ ఒప్పుకుంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరిని నమ్మాలో వాళ్ళకు తెలియలేదు.

"ఇందులో తేల్చవలసింది ఒక్కరే" అంటూ పోస్టుమాస్టరు మైకు తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు.

మేస్త్రి కూతురి వైపు చూశాడు. రేపే పరీక్ష. ఇప్పుడు తను పలకకపోతే వీధి ఆమెను నమ్మదు. వీధి నమ్మకపోతే రేపు పరీక్ష గదిలో కూర్చున్నాక ఆమె తనను తానే నమ్మదు. ఆయన లేచాడు. మైకు ఒకసారి గీపెట్టింది.

"మా అమ్మాయి మొన్న పాఠం చెప్పింది. అది నాకు సబబు అనిపించలేదు. అయినా నోరు మెదపలేదు. ఒప్పుకున్నాననుకుని పేజీ తిప్పేసింది. నేను ఒప్పుకోలేదు. వరండా ఇస్తాననలేదు. బాకా ఊదమనలేదు. ఇక్కడ మాట్లాడతానని కూడా అనలేదు. పలకనివాడి లోపల ఏముందో వాడికే తెలుస్తుంది. పైవాళ్ళు వాడి తరఫున సరే అనేసుకుంటే అన్యాయం. ఇవాళ మా అమ్మాయి చెప్పింది ఒప్పు. అంతే."

చప్పట్లతో గది అదిరిపోయింది. అంత సూటి ఉపన్యాసం తన సర్వీసులో వినలేదని పోస్టుమాస్టరు మెచ్చుకుని, వచ్చే ఏడాది కూడా మాట్లాడతారా అని అడిగాడు. మాట్లాడనని మేస్త్రి అన్నాడు. ఇస్త్రీ ఆవిడ ఆ సాయంత్రమే బల్ల తీసేసింది. పొమ్మని ముందే ఒక్క మాట అంటే పోయేవాణ్ణిగా బావా అని నిష్ఠూరమాడుతూ బావమరిది మంచం నెత్తికెత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి పనికి పోలేదు. కూతురి వెంట కాలేజీ దాకా నడిచాడు. గేటు దగ్గర పిల్లలంతా గుంపులుగా చేరి చివరి నిమిషపు చదువులో మునిగి ఉన్నారు. ఆమె పుస్తకం తండ్రి చేతికిచ్చి, లోపలికి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాన్నా, ఈసారి పాసవుతానా?"

జవాబు తనే ఊహించుకుని వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడి ఎదురుచూసింది.

"అవుతావమ్మా. ఎందుకవ్వవు? ఈసారి చివరిదాకా చదివావు. భయపడకు. నీళ్ళు తాగి వెళ్ళు. కలం సరిగ్గా రాస్తోందో లేదో చూసుకున్నావా? టైముందిలే, నిదానంగా రాయి" అన్నాడు మేస్త్రి.

గేటు దగ్గర మాటలు ఎక్కువయ్యాయని కాపలావాడు ఆయన్ని పక్కకు జరగమన్నాడు.