పార్సిల్‌కు గిట్టని ఖాకీ

కుక్కల కథలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళంతా గోరంతను కొండంత చేసే రకం. నాది ఆ బాపతు కాదు. తక్కెట్లో పెట్టి తూచినట్టు, జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో కల్పన ఆవగింజంత కూడా లేదు.

ఆ పొద్దున పోస్టుమ్యాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బనీను, పైజమాతోనే ఇంట్లోంచి బయటపడాలి. ఖాకీ బట్టలు సంచిలో కుక్కుకుని, పెరటివైపు ఉన్న నీళ్ళ మోటారు గదిలో దూరి, అక్కడ మార్చుకుని డ్యూటీకి పోవాలి.

ఇంత తంటా ఎందుకంటే పార్సిల్ వల్ల. పార్సిల్ అంటే అతని కూతురు ఏడ్చి, అలిగి, భోజనం మానేసి మరీ సాధించుకున్న కుక్కపిల్ల. పగలంతా అది బంగారం. చెప్పులు కొరికినా, దిండు కడుపు చీల్చినా చప్పుడు చెయ్యకుండా చేసేది. కానీ పోస్టుమ్యాన్ ఖాకీ తొడుక్కుని, సంచి తగిలించుకుని గుమ్మంవైపు తిరిగాడంటే చాలు, ఇల్లెగిరిపోయేలా మొరిగేది. వీధుల్లో కుక్కలన్నీ తరిమినా అతను ఎన్నడూ బాధపడలేదు. సొంత కుక్కకే తన ఖాకీ గిట్టదని తెలిసేసరికి మనసు చివుక్కుమంది.

ఆ మొరుగుడుకి మేడమీద ఇంటి ఓనరమ్మ కళ్ళజోడు దానంతటదే ముక్కు దిగి ఒళ్ళో పడేది. చివరికి ఆమె మెట్లు దిగి వచ్చింది.

"ఇదిగో అబ్బాయ్, ఇంకొక్కసారి దాని మొరుగుడు నా చెవిన పడిందా, అది ఇంట్లో ఉండదు. మీరుండచ్చు."

పథకం పారింది. బనీనుతో వెళ్తున్న మనిషిని చూసి పార్సిల్ తోక మాత్రమే ఊపింది. కానీ ఎదురుగా ఇస్త్రీ చేసుకునే ఆవిడ ఇంకోటి చూసింది. పోస్టుమ్యాన్ అటూ ఇటూ చూసి మోటారు గదిలో దూరడం, ఖాకీలో బయటికి రావడం. పైగా తను కత్తిలా ఇస్త్రీ చేసి ఇచ్చే ఖాకీ, నమిలి ఊసినట్టు నలిగిపోయి ఉండడం. పాపం ఉద్యోగం ఊడినట్టుందని, వీధిలో పరువు కోసం దొంగచాటుగా ఖాకీ తొడుక్కుని తిరుగుతున్నాడని వెళ్ళి ఓనరమ్మ చెవిన వేసింది.

ఓనరమ్మ మనసు గట్టిదే గానీ రాయి కాదు. ఆ పూటనుంచి పోస్టుమ్యాన్‌ను "నాయనా" అని పిలవడం మొదలుపెట్టింది. ఇదంతా పార్సిల్ బుద్ధిగా ఉండబట్టే అని అతను మురిసిపోయాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె పోస్టుమ్యాన్ మామగారికి ఫోన్ కూడా చేసింది.

మామగారిది చిత్రమైన స్వభావం. ఏం జరిగిందో అడగకముందే క్షమాపణ చెప్పేస్తారు. అడిగితే అవతలివాళ్ళకు కోపం గుర్తుకొస్తుందని ఆయన భయం. కూతురికైనా చెప్పకుండా నేరుగా పోస్టాఫీసుకు వెళ్ళి, పోస్టుమాస్టరు ముందు చేతులు జోడించి, మా అల్లుడు చేసిన తప్పు కడుపులో పెట్టుకోమన్నారు.

పోస్టుమాస్టరు అప్పటిదాకా హాయిగా టీ తాగుతున్నాడు. "ఏ తప్పండీ?" అన్నాడు.

"తమకు తెలియనిదేముంది" అన్నారు మామగారు.

పోస్టుమాస్టరుకు టీ చేదెక్కింది. ఏమీ లేకుండా ఇంత పెద్దమనిషి ఎందుకు వంగుతాడు? తనకు తెలియకుండా తన ఆఫీసులో ఏదో జరిగిందంటే పైవాళ్ళు ముందు తన మెడే పట్టుకుంటారు. ఈమధ్య పోస్టుమ్యాన్ బట్టలు నలిగి ఉండడం కూడా గుర్తొచ్చి, ఉత్తరాలు పంచకుండా ఎక్కడో పడేస్తున్నాడన్న అనుమానం కాస్తా నమ్మకమైంది. మర్నాడు పొద్దున్నే మామగారిని వెంటబెట్టుకుని పోస్టుమ్యాన్ ఇంటికి వచ్చి, ఇస్త్రీ ఆవిడ చూపించిన గది తలుపు తోశాడు. లోపల పోస్టుమ్యాన్ ఒక కాలు ఖాకీలో, ఒక కాలు పైజమాలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం దాస్తున్నావిక్కడ?"

"కాళ్ళు సార్."

ఆ జవాబుతో కేసు మరింత బిగిసింది. ఇంట్లోకి నడిపించాడు. సందడికి ఓనరమ్మ దిగింది. భార్య వంటింట్లోంచి వచ్చింది. కూతురు పార్సిల్‌ను గుండెకు హత్తుకుని నిలబడింది. ఉత్తరాలు ఎక్కడ పడేశావో చెప్పకపోతే ఈ పూటే పైకి రిపోర్టు పంపుతానన్నాడు పోస్టుమాస్టరు.

నిజం చెబితే కుక్క పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. పోస్టుమ్యాన్ కూతురి మొహం చూడకుండా చెప్పేశాడు.

"ఖాకీ చూస్తే మా కుక్క మొరుగుతుంది సార్. అందుకని."

"అయితే తొడుక్కో, చూద్దాం."

తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. కూతురు పార్సిల్‌ను కింద దింపింది. పార్సిల్ ఆవులించింది.

"మొరగవే తల్లీ" అని బతిమాలాడు, ఓనరమ్మ ఎదురుగానే. మామగారు అలవాటుకొద్దీ కుక్కకు కూడా క్షమాపణ చెప్పుకున్నారు. అది ఆయన పాదం మీద తల పెట్టి పడుకుంది.

పోస్టుమాస్టరు ఆఫీసుకు పదమన్నాడు. పోస్టుమ్యాన్ తల వంచుకుని గుమ్మంవైపు తిరిగాడు. అంతే, పార్సిల్ ఒక్క గెంతులో వెళ్ళి దారికి అడ్డంగా నిలబడి గుక్క తిప్పుకోకుండా మొరిగింది. లోపలికి అడుగేస్తే ఆపింది. బయటికి వేస్తే మళ్ళీ అందుకుంది. నమ్మకం కుదరక పోస్టుమాస్టరు అతన్ని అటూ ఇటూ నడిపించి మరీ చూశాడు. ఖాకీ పాపమేమీ లేదు. బనీనుతో వెళ్తే పెరట్లోకనీ, ఖాకీతో గడప దాటితే సాయంత్రందాకా రాడనీ దానికి తెలుసు.

కేసు లేదని పోస్టుమాస్టరు ఒప్పుకున్నాడు. అప్పుడందరూ ఓనరమ్మవైపు చూశారు. కూతురు ఆలస్యంగా పార్సిల్ మూతి రెండు చేతులా మూసింది.

"మొరిగితే ఉంచనన్నాను" అంది ఓనరమ్మ. "ఇది మొరగడం కాదుగా, ఏడుపు. మా ఆయన డ్యూటీకి వెళ్తుంటే కొత్తలో నేనూ ఇంతే గోల చేసేదాన్ని. నన్నెవరూ ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు." అని, ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ చూడనంతగా నవ్వింది.

పార్సిల్ ఇప్పుడక్కడే ఉంది. రోజూ పొద్దున ఏడుస్తుంది. వచ్చేస్తాడు ఊరుకోమని మేడమీదనుంచి ఓదార్పు వినిపిస్తుంది.

ఆవగింజంత కూడా కల్పన లేదన్నాను గానీ, అంతకన్నా కాస్త పెద్దది ఒకటుంది. కళ్ళజోడు జారిపడడం నిజం. కాళ్ళు దాచడం నిజం. మామగారు కుక్కకు క్షమాపణ చెప్పుకోవడమూ నిజం. ఓనరమ్మ నవ్వలేదు.