సోమవారం సెలవున్న కారు

శంకరప్ప పటేలు నీళ్ళ ఇంజను కొనడానికి హైదరాబాదు వెళ్ళి, ఇంజను లేకుండా తిరిగి వచ్చాడని జహీరాబాదులో కొందరు చెప్పుకుంటారు. ఇది అపవాదు. ఆయన ఇంజను తెచ్చాడు. దాని చుట్టూ ఒక కారు కూడా ఉంది, అంతే.

అరవై ఒకటో సంవత్సరం వేసవి అది. పటేలు భార్య భాగీరథికి తల్లి ఇచ్చిపోయిన రెండెకరాల చెలక చిరాగ్‌పల్లి దారిలో ఉంది, దాని నడుమ ఒక బావి ఉంది. ఆ ఏడు ఆమె రెండెకరాల్లోనూ అల్లం పెట్టింది. అల్లం విత్తనం మట్టిలో పెట్టాక వానలు పడేదాకా తడి ఆరకూడదు. ఆరితే విత్తనం పోతుంది, విత్తనంతో పాటు ఏడాది కష్టమూ పోతుంది. పంపునూ పైపులనూ పోయినేడే కొని బావి గట్టున పెట్టించింది. తక్కువైంది ఇంజను ఒక్కటే. అది వచ్చేదాకా ఒక జత ఎద్దులు మోట లాగుతున్నాయి, మాణిక్ అనే జీతగాడు వాటిని తోలుతున్నాడు. బెల్లం అమ్మిన పైకం మొగుడి చేతిలో పెట్టి పంపిన నాటి నుంచి భాగీరథి రోజూ హైవే వైపు చూస్తూనే ఉంది.

ఒకనాడు కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. నిజం చెప్పాలంటే, దాన్ని తాడు కట్టి లాక్కొచ్చిన లారీ ఆగింది.

"ఏం తెచ్చిన్రు?" అంది భాగీరథి.

"కారు."

"నీళ్ళు తోడుతదా?"

పెళ్ళాల కోసం మొగవాళ్ళు విడిగా దాచుకునే నవ్వు ఒకటి ఉంటుంది. పటేలు అది నవ్వాడు.

"గిది నీళ్ళు తోడే బండి కాదే పిచ్చిదానా, దేశాలు తిరిగే బండి. పొద్దుగాల ఒక దేశంల చాయ్ తాగి, మాపటికి ఇంకో దేశంల బువ్వ తినొచ్చు."

"మనం ఏ దేశం పోతం?"

పటేలు కొంచెం ఆలోచించాడు. "ముందుగాల గీ పక్కనున్న రాయికోడ్ పోదాం."

ఆ కారు గొప్పతనం కొంత ఇక్కడ చెప్పవలసి ఉంది. జాగీరు పోయిన ఒక జాగీర్దారు అమ్ముకున్న సీమ కారు అది. ఆకుపచ్చ రంగు. రెండే తలుపులు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీటు ఒక టోపీకి సరిపోతుంది. మూతి ఎంత పొడుగంటే, కారు వీధి మలుపు తిరిగిన కాసేపటికి గాని పటేలు తిరిగేవాడు కాదు. ఇంజనుకు మూడు కార్బురేటర్లు. మూడూ కలిసి పలికితేనే అది కదులుతుంది. అవి ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్ళు ఎంతగా కలిసి పలుకుతారో అంతగా పలికేవి. నాలుగు వందల మైళ్ళు ఏకబిగిన పోవడానికి చేసిన బండి గనుక నాలుగు మైళ్ళ పనులంటే దానికి చిన్నతనంగా ఉండేది. మూడో మైలులోనే నిలబడి పొగ వదిలేది. హారను కొడితే అద్దం తుడిచే చేతులు ఆడేవి. దీపాలు వేస్తే హారను మోగేది. పైన తోలు సీట్లు పెళ్ళికూతురి చెంపల్లా మెరిసేవి, కాళ్ళ కింద రేకును తుప్పు తినేసి రాయికోడ్ బాట స్పష్టంగా కనబడేది.

"గాలి మంచిగ తగుల్తది" అనేవాడు పటేలు.

ఇతర ఊళ్ళలో బండి చెడితే యజమాని దిగులు పడతాడు. జహీరాబాదు అటువంటి వెనకబడిన ఊరు కాదు. కారులోని నీళ్ళ పంపు పగిలిన రోజున ఇరవై మంది పరామర్శకు వచ్చారు.

"ఏమాయె పటేలా?"

"పంపు పోయింది. బొంబాయిల దొరికేటట్టు లేదు. సీమకే రాయాలె అంటున్నరు."

"అబ్బో! సీమకా!"

వాళ్ళు తృప్తిగా చాయ్ తాగి వెళ్ళారు. చిన్న రోగానికి చిన్న గౌరవం, సీమకు రాయవలసిన రోగానికి పెద్ద గౌరవం. మండీలో బెల్లం వ్యాపారం చేసే రామ్‌కిషన్ సేటుకు కూడా ఒక కారు ఉంది, దేశవాళీది. అది పొద్దున్నే ఒక్కసారి హ్యాండిలు తిప్పగానే లేచి పనికి పోయేది. అలాంటి కారును ఎవరు గౌరవిస్తారు? పాపం సేటు కొన్నాళ్ళు సిగ్గుపడి నడిచే తిరిగాడు.

హైవే పక్కన లారీలు బాగుచేసే పీటర్ మేస్త్రికి ఈ కారు వైద్యం అప్పగించబడింది. ఆయన మూడు రోజులు దాని కింద పడుకుని బయటికి వచ్చాడు.

"పటేలా, దీనికి బీమారి ఏం లేదు. ఖరాబు కావుడే దీని ఆరోగ్యం" అన్నాడు.

ఆగిన చోటి నుంచి కారును ఇంటికి తేవడానికి ఎద్దులు కావాలి గదా. దున్నే ఎద్దులు దుక్కిలో ఉన్నాయి గనుక భాగీరథి మోట ఎద్దులు ఈ ఉద్యోగానికి నియమించబడ్డాయి. మోట ఎద్దుల నడక లోకానికి తెలిసిందే. బొక్కెన పైకి రావడానికి ఏటవాలులో ముప్పై అడుగులు ముందుకు నడుస్తాయి, బొక్కెన దిగడానికి ముప్పై అడుగులు వెనక్కి నడుస్తాయి. అవి కారునూ అదే పద్ధతిలో లాగాయి. ముప్పై అడుగులు లాగి, నీళ్ళు పోసినంతసేపు ఆగి, అదే క్రమశిక్షణతో వెనక్కి నడిచి కారు మూతిని తమ పిరుదులతో గుద్దేవి. ఈ విధంగా చిరాగ్‌పల్లి నుంచి ఇంటికి చేరడానికి పూట పట్టేది. దారి పొడుగునా జనం లేచి నిలబడేవారు. లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్న పటేలు కుడికీ ఎడమకూ తల ఊపేవాడు.

ఇక సోమవారం సంగతి. పటేలు వాళ్ళ కులంలో సోమవారం బసవన్న దినం. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, బొట్టుపెట్టి, కుడితి తాపి, నీడన కట్టేస్తారు. మంచి ఆచారమే. పటేలుది ధర్మబుద్ధి గనుక, ఎద్దుకు ఉన్న సెలవు కారుకు ఎందుకు ఉండకూడదని ఆయనకు తోచింది. అప్పటి నుంచి సోమవారం నాడు కారుకు స్నానం, మూతి మీద మూడు విభూతి రేఖలు, పైన దుప్పటి. ఎద్దులను కడిగేది మాణిక్. కారును తుడిచేదీ మాణిక్.

ఒక ఆదివారం చీకటి పడ్డాక కారు చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు నడుమ నిలబడిపోయింది. ఎద్దులను తెచ్చేలోగా తెల్లారి సోమవారం అయింది. మాణిక్ కాడి చేతబట్టుకుని నసిగాడు.

"సోమారం గద పటేలా. ఎద్దుల మెడ మీద కాడి ఎట్ల ఏస్త?"

ఇటువంటి చిక్కుముడులు విప్పడానికే చావడిలో కులగురువు సంగయ్య స్వామి ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, ఇలా సెలవిచ్చారు:

"శాస్త్రం జర నిదానంగ సూడాలె. ఎద్దు చేన్ల గుంజితే పని. బావికాడ గుంజితే పని. కారును గుంజితే అది పని ఎట్లయితది? అది మర్యాద. మర్యాదకు సోమారం అడ్డం రాదు."

చావడి మొత్తం తల ఊపింది. కారు తనంతట తాను నడవలేదు గనుక దాని సెలవుకు కూడా భంగం రాలేదు. సంగయ్య స్వామి స్వయంగా పటేలు పక్కన కూర్చుని, శాస్త్రం సరిగా అమలవుతున్నదో లేదో ఇంటి దాకా పరిశీలించారు.

ఇలా వారానికి నాలుగైదు రోజులు మర్యాద జరుగుతుండగా బావి దగ్గర మోట ఊరికే వేలాడింది. భాగీరథి చేనుకు పోయి వేలుతో మట్టి గీకింది. మొదటి కణుపు దాకా పొడి. రెండో కణుపు దాకా పొడి. ఒక విత్తనం పైకి తీసి నొక్కి చూసింది. ఇంకా గట్టిగానే ఉంది, కానీ తోలు ముడత పడుతోంది.

"అల్లం ఎండుతున్నది" అంది ఇంటికి వచ్చి.

"సీట్ల తోలు గూడ ఎండుతున్నది. బొంబాయి కెల్లి నూనె రావాలె" అన్నాడు పటేలు బాధగా.

ఆమె వేలికంటిన మట్టి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. వాదించకపోవడం చేతకానితనం అనుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఎక్కువ.

ఆ శనివారం పటేలు ఎవరో చుట్టానికి అల్లం చేను చూపించే మిషతో కారును చూపించబోయాడు. కారు తన అలవాటు ప్రకారం బావి పక్కన ఆగిపోయింది. లాగడానికి కట్టిన ఎద్దులు తమ అలవాటు ప్రకారం వెనక్కి నడిచాయి. మూతి మీది వెండి రంగు బొమ్మ, రెక్కలు చాచినది, విరిగి మట్టిలో పడింది.

పీటర్ వచ్చి గంటలో ఇంజను లేపాడు. ఆ రోజు తోడికోడళ్ళు ముగ్గురూ ఎందుకో కలిసిపోయారు. కానీ పటేలు కారెక్కలేదు.

"మొఖం మీద బొమ్మ లేకుంట ఊర్లకు ఎట్ల పోత? ముక్కుపుడక లేని ముఖమోలె! గీడనే ఉండనీయిరి" అని, విరిగిన బొమ్మను రుమాలులో చుట్టుకుని, అలాంటిదే ఇంకొకటి కొనడానికి బొంబాయి బస్సెక్కాడు.

ఆదివారం నాడు మోట కట్టించింది భాగీరథి. పొద్దుగూకేసరికి చేనులో నాలుగో వంతు తడిసింది. మూడు వంతులు అలాగే నోరు తెరుచుకుని ఉంది. తెల్లారి సోమవారం. ఎద్దులు ఇంటి దగ్గర, బొట్లు పెట్టించుకుని నెమరు వేస్తున్నాయి. భాగీరథి బావి గట్టున నిలబడి కారు వైపు చూసింది, పంపు వైపు చూసింది, మాణిక్‌ను పంపి పీటర్‌ను పిలిపించింది.

"పీటరూ, నీళ్ళ ఇంజనుకు, కారు ఇంజనుకు ఫరక్ ఏంది?"

"షానా ఏం లేదక్కా. గది నీళ్ళు తోడుతది, గిది పైసలు తోడుతది."

"రెండూ తోడేటియే గద. ఇయ్యాల దీంతోని నీళ్ళు తోడియ్యి."

పీటర్ గడ్డం గోక్కున్నాడు. "పటేలు నా పానం తీస్తడక్కా."

"ఆయన బొమ్మ తెచ్చేటందుకు పోయిండు. బొమ్మ దొరికేదాక ఎవరి పానానికీ ఫికర్ లేదు."

వెనక చక్రం ఒకటి జాకీతో గాలిలోకి లేచింది. చక్రానికీ పంపుకూ నడుమ పట్టా పడింది. పీటర్ ఇంజను లేపాడు. మొదట పైపు దగ్గింది, తర్వాత బురద కక్కింది, ఆ తర్వాత తొడ లావు నీళ్ళు దూకాయి. వేడెక్కుతుందన్న భయం కూడా తీరింది. జహీరాబాదు తాలూకాలో ఆ కారు దాహం తీర్చగల చోటు ఒక్క బావి గట్టే. మాణిక్ కుండతో తోడి దాని మూతిలో పోస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి పీటర్ వంగి మీటరు చూశాడు. "షోలాపూర్ దాటినమక్కా!"

సందెవేళకు మళ్ళీ చూశాడు. "ఇగ బొంబాయి జర దూరమే ఉన్నది. పటేలు కనవడతడేమో సూడు."

ఆ విధంగా ఆ మహా వాహనం, తనను చేసినవాళ్ళు కోరుకున్నట్టే, ఏకబిగిన మూడు వందల మైళ్ళు ప్రయాణం చేసింది. బావి గట్టు దాటకుండా. రెండెకరాలూ తడిసి నల్లబడ్డాయి.

పటేలు బుధవారం నాడు దిగాడు, బొమ్మతో. గురువారం చావడి కూడింది. అభియోగాలు చదవబడ్డాయి: సీమ కారు చేత నీళ్ళు తోడించుట, అందునా సోమవారం తోడించుట, అందునా ఒక ఆడమనిషి తోడించుట. పీటర్‌ను మందలించి వదిలేశారు. ఊళ్ళో ఇంకో మేస్త్రి లేడు. భాగీరథి స్తంభం పక్కన నిలబడింది.

"ఒక మాట అడుగుత స్వామీ. సోమారం ఎద్దులు కారును గుంజితే మర్యాద అంటిరి. కారు నీళ్ళు గుంజితే పాపం ఎట్లయితది?"

సంగయ్య స్వామి జాలిగా చూశారు. "కారును గుంజితే ఏమన్న పండిందా తల్లీ? పండలే. అందుకే మర్యాద. నీళ్ళు గుంజితే అల్లం పండుతది. పండేదంత పనే."

అంతటి సూక్ష్మానికి చావడి మొత్తం మళ్ళీ తల ఊపింది. పంట తవ్వగానే పెద్దమనుషుల ఇంటింటికీ గంపెడు అల్లం ఇవ్వాలని, కారు మళ్ళీ బావి ముఖం చూడరాదని తీర్పు అయింది. పటేలుకు పడిన శిక్ష అంతకంటే పెద్దది. కారు పగలంతా ఖరాబు కాకుండా నడిచిందట అని ఊరంతా గుసగుసలాడింది. మర్నాటి నుంచి దాన్ని చూసి లేచి నిలబడినవాడు లేడు. బొమ్మ పెట్టినా లాభం లేకపోయింది. పటేలు దానికి దుప్పటి కప్పి కొట్టంలో పెట్టించాడు. ఎద్దులు మోటకు తిరిగి వచ్చాయి. అల్లం మొలకెత్తింది.

ఆ గురువారం సభ ముగించబోతూ సంగయ్య స్వామి వాడుక ప్రకారం అడిగారు: "ఇంకెవరన్న చెప్పుకునేదున్నదా?"

మెట్ల కింద నుంచి మాణిక్ లేచాడు. రుమాలు చంకలో పెట్టుకున్నాడు.

"స్వామీ, సోమారం ఎద్దులకు సెలవు. కారుకు సెలవు. మరి నాకు ఏ వారం?"

చావడి పగిలిపోయేటట్టు నవ్వారు. రామ్‌కిషన్ సేటు పొట్ట పట్టుకున్నాడు. సంగయ్య స్వామి కళ్ళు తుడుచుకున్నారు. ముందురోజు నుంచి ముఖం మాడ్చుకున్న పటేలు కూడా నవ్వి, ఆ నవ్వులో పెళ్ళాన్ని క్షమించేశాడు. "భలే అడిగినవ్ రా!" అన్నాడు. భాగీరథి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరూ నవ్వుతున్నారు గనుక మాణిక్ కూడా నవ్వాడు. సభ సంతోషంగా ముగిసింది.

చలికాలంలో అల్లం తవ్వారు. నాలుగేళ్ళలో అంత పంట లేదు. తీర్పు ప్రకారం గంపలు ఇంటింటికీ చేరాయి. ఆ రోజు సోమవారం గనుక ఎద్దులకు సెలవు, బండి కట్టలేదు. గంపలను మాణిక్ తల మీద మోశాడు. ఆఖరి గంప ఎత్తుతూ అతను భాగీరథి వైపు చూశాడు. ఆమెకు చావడి గుర్తొచ్చింది, అడగని ప్రశ్న వినబడింది.

"నీ సంగతి మతిల ఉన్నది మాణిక్. ఎరువు తోలుడు అయిపోనీ, సూద్దాం" అంది.

మంచి మనిషి గనుక అంత మాట అన్నది. మీరు దీన్ని సెలవునాడు తీరిగ్గా కూర్చుని చదువుతూ, అంత కష్టం ఎరిగిన ఆమెకు ఆ మాత్రం తెలియదా అని నొచ్చుకుంటూ ఉండవచ్చు. మంచిదే. చదవడం అయిపోతే ఆ అల్లం చాయ్ గ్లాసు అక్కడే కింద పెట్టండి. తీసుకుపోయి కడగడానికి ఎవరో ఒకరు వస్తారు.