పాత డీజిల్ బండి కొనబోయే కొత్త దంపతులకు

ఈ సాయంత్రం దుప్పటి మడతపెడుతుంటే ఫోన్ మోగింది. "మేడమ్, బండి మీకే ఇస్తున్నా. రేపు పదింటికి వచ్చి తీసుకెళ్లండి!" అన్నాడు ఓనరు. మా ఆయన నన్ను దుప్పటితో సహా ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

పెళ్లై నలభై రోజులైన అనుభవంతో చెబుతున్నాను, వినండి. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు కొనాల్సింది మంచమూ కాదు, ఫ్రిజ్జూ కాదు. పదిహేడేళ్లు తిరిగిన ఫోర్‌వీల్ డీజిల్ బండి!

నా ఉద్యోగం కొండ మీది క్లినిక్‌లో. ఆయనది కింద ప్రింటింగ్ ప్రెస్సులో. మధ్యలో బస్సులు మొహం చాటేసిన మట్టి దారి. అందుకే వారంలో ఐదు రోజులు నేను క్లినిక్ వెనక గదిలో, ఆయన కింద అద్దె వాటాలో. మిగిలిన రెండు రోజులే మా సంసారం. పొద్దున ఆరింటికి కదిలే బండి ఒకటుంటే, రోజూ వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాను. ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఏం చూసి కొనాలంటారా? ముందుగా పొగ. కొత్త బండ్లకు పొగే కనబడదు, ఏం లాభం? మా బండి ఎత్తెక్కితే నల్లగా, దిగితే నీలంగా వదులుతుంది. నేను మలుపు తిరగ్గానే వంటింటి కిటికీలోంచి చూసి మా ఆయన టీ పెట్టేయొచ్చు!

కింద కారే ఆయిల్ చూసి కంగారు పడకండి. ఎక్కడ పార్క్ చేశామో మర్చిపోయే మాలాంటి మతిమరుపు వాళ్లకు అది వరం.

చాసిస్, అంటే అడుగు చట్రం చూడండి. మా ఓనరు అడుగున కూడా నిగనిగలాడే నల్ల రంగు కొట్టించాడు, నిన్నో మొన్నో! చేత్తో తాకితే నా వేళ్లకూ అంటింది. ఎవరికీ కనబడని చోట ఇంత శుభ్రత పాటించే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మీటరు నలభై రెండు వేల కిలోమీటర్లే చూపిస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి లోపలి ఇనుము తేలింది. పాపం, బండిని కదిలించకుండా కూర్చుని క్లచ్ తొక్కడం ప్రాక్టీసు చేసి ఉంటారు.

బురదలో నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్‌వీల్ లివర్‌ను ఇద్దరం కలిసి లాగాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "అది వాడే అవసరమే రాలేదు మేడమ్, అంత పవర్‌ఫుల్ బండి!" అన్నాడు ఓనరు. నమ్మాం. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత వదులు చేస్తే అది టపటపా ఎగిరింది.

"చూశావా, ఎంత హుషారుగా ఉందో!" అన్నాడు మా ఆయన. చప్పట్లు ఒక్కటే తక్కువ.

ఈ సంతోషమంతా లారీలు బాగుచేసే మా మేనమామకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒసేయ్, నువ్వెళ్లేసరికి బోనెట్ చల్లగా ఉందా, వేడిగా ఉందా?"

"వేడిగా ఉంది మామయ్యా. రెండుసార్లూ. మీకోసమే కడిగించి తెచ్చానన్నాడు ఓనరు."

"కడిగితే నీళ్లు వేడెక్కుతాయా, ఇంజన్ వేడెక్కుతుందా? చల్లటి డీజిల్ ఇంజన్ పొద్దున్నే ఎలా లేస్తుందో నువ్వు చూడకూడదని ముందే తిప్పి వేడెక్కించి ఉంచాడే పిచ్చి మొహమా!"

నేను దుప్పటిని సగం మడతలోనే పక్కన పడేశాను.

నిజం చెప్పనా? పొగ పోనీ, ఆయిల్ కారనీ, దాని మూత ఎగరనీ, రంగు కింద తుప్పు ఉంటే ఉండనీ. మామయ్య ఉన్నాడు, నెమ్మదిగా బాగుచేసుకుంటాం. నాకు కావాల్సింది ఒక్కటే. పొద్దున ఆరింటికి అది లేవాలి. లేవకపోతే నేను మళ్లీ ఆ వెనక గదికే. ఈ బేరాల్లో కుషన్లు చూపిస్తారు, హారన్ వినిపిస్తారు, పాటలు పెడతారు. కావాల్సిన ఆ ఒక్కటి మాత్రం ఎవడూ చూపించడు!

ఓనరుకు ఫోన్ చేసి, రేపు పదింటికి తప్పకుండా వస్తామని తీయగా చెప్పాను. పొద్దున ఐదున్నరకే మామయ్యతో కలిసి వాళ్ల గేటు ముందుంటాం. ఓనరు పళ్లు తోముకుంటూ బయటికొచ్చేలోపు బోనెట్ మీద చెయ్యి పెడతాను. తాళం కూడా నేనే తిప్పుతాను.