కంప్యూటరుకు ముగ్గురు కాపలాదారులు

రక్షణ వద్దనేవాళ్ళను నేను నమ్మను. ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని, ఒక్క యాంటీవైరస్‌తో సరిపెట్టుకునేవాళ్ళను అసలే నమ్మను. కనీసం మూడుండాలి! అన్ని వేస్తే కంప్యూటరు కదలదంటారా? మరీ మంచిది. కదలని కంప్యూటరుకు వైరస్ ఎలా సోకుతుందో చెప్పండి!

అనుమానముంటే బందరులో కనకమహాలక్ష్మి గారింటికి వెళ్ళి చూడండి. భర్త పోయాక ఆవిడ రక్షణ భారమంతా మరిది శోభనాద్రి నెత్తినేసుకున్నాడు. నాగాయలంక రొయ్యల చెరువు ఆడమనిషికి బరువని తన పేర రాయించుకున్నాడు. ఇంటి దస్తావేజులు దొంగలపాలవుతాయని తన బీరువాలో దాచాడు. ఇప్పుడు దొంగ వచ్చి ఆవిడ ఇల్లంతా వెతికినా ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు! ఇంతకు మించిన భద్రత ఎక్కడైనా ఉందా?

అలాంటివాడు, అన్న కూతురు గాయత్రి చదువు కోసం కొన్న కంప్యూటరును గాలికొదిలేస్తాడా?

గుడివాడ నుంచి కంప్యూటర్లు బాగుచేసే హరిబాబును పిలిపించాడు. ఆయన తెరిచి చూసి, "దీంతోపాటే ఒక యాంటీవైరస్ వచ్చిందండీ. అప్‌డేట్లు ఆపకుండా ఉంటే ఇంటివరకు అది చాలు" అన్నాడు.

"ఊరికే వచ్చింది ఊరికే పోద్దయ్యా. గట్టివి వెయ్యి" అన్నాడు శోభనాద్రి.

వైరస్‌ల కోసం ఒకటి. గూఢచారి ప్రోగ్రాములను పట్టడానికి ఒకటి. మూడోది కుటుంబ రక్షణట! మర్నాటికల్లా అవి ఒకదాన్నొకటి దొంగ దొంగని అరవడం మొదలుపెట్టాయి. ఒక పెళ్ళికి ముగ్గురు పెద్దలు తయారైనట్టే! ఇక కంప్యూటరు తెరుచుకునేలోపు కనకమహాలక్ష్మి అన్నం వార్చి, పులుసు దించి, కంచాలు కడిగి వచ్చేది. ఇంటిపని సాగుతుందంటే అది వరం కాదూ?

మూడోదాని ఘనత వేరు. గాయత్రి ఏం చూసినా ఆ కబురు వెంటనే బాబాయి ఫోనుకు చేరవేస్తుంది. బయటివాడు తొంగిచూస్తే స్పైవేరు. బాబాయి తొంగిచూస్తే ఆప్యాయత! ఈ మాత్రం తేడా తెలియనివాళ్ళకు కంప్యూటరెందుకు?

కాలేజీలు ఎంచుకోవడానికి ఆఖరిరోజు వచ్చింది. విశాఖ కాలేజీని మొదట పెట్టుకుందామని గాయత్రి పొద్దున్నే కూర్చుంది. కౌన్సెలింగ్ పేజీ తెరవబోతే ఎర్రటి బోర్డు పడింది: "ఈ సైటుకు కుటుంబ పెద్ద అనుమతి కావాలి." కుటుంబ పెద్దకు ఫోను చేసింది.

"గుడ్లవల్లేరులో కాలేజీ లేదా ఏంటే? బస్సెక్కి వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. విశాఖలో నీకు రక్షణేదీ?"

"నాకు కావాల్సిన కోర్సు అక్కడుంది బాబాయ్."

"కోర్సులు నేను చూసుకుంటాగా! సాయంత్రం వచ్చి నేనే నొక్కుతాలే. నువ్వు ఏదీ ముట్టుకోకు."

ఫోను పెట్టేశాడు. గాయత్రి ఎర్రబోర్డు వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న కనకమహాలక్ష్మి లోపలికొచ్చింది.

"దీన్ని పీకిపారెయ్యడం కుదరదా?"

"కుదురుద్దమ్మా. పాస్‌వర్డ్ బాబాయి దగ్గరుంది."

"మీ బాబాయి దగ్గరేంటే! మొన్న మన అరుగు మీద నిలబడి హరిబాబుకి ఫోనులో అరిచి చెప్పలా? తన పేరేగా, వెనకాల ఒకటి రెండు మూడు! ఎదురింటి రామలక్ష్మి కూడా విని నవ్వింది."

గాయత్రి టైపు చేసింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. అమ్మకు వినపడేలా చదివింది: "దీన్ని తీసేస్తే మీ కుటుంబానికి రక్షణ ఉండదు. నిజంగా తీసెయ్యమంటారా?"

కనకమహాలక్ష్మి కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"ఎంత మర్యాదగా అడుగుతుందే! మీ నాన్న పోయాక నన్ను 'ఏమంటారు' అని అడిగింది ఇదొక్కటే. తీసెయ్యమంటున్నానని చెప్పు."

మధ్యాహ్నానికల్లా మొదటి ఆప్షన్‌గా విశాఖ పడింది, ఇక ఎవరూ కదపకుండా దాని మీద తాళమూ పడింది. సాయంత్రం బస్సు దిగి, మార్చడానికేమీ లేదని తెలిసిన శోభనాద్రి, "ఇంటికి దిక్కు లేకుండా చేశారు వదినా!" అని మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! రక్షణ కావాలనిపిస్తే నిక్షేపంగా సాఫ్ట్‌వేరే వేయించుకోండి. ఎంత పనికిమాలినదైనా, దానికి తీసేసే బటనొకటి పెడతారు.